పాతర నుంచి గోతాం దాకా: పప్పుగింజల నిల్వ కథ



పంట పండించడం ఒక ఎత్తు. పండిన గింజను పురుగు నోట పడకుండా మళ్లీ విత్తేనాటి దాకా కాపాడుకోవడం ఇంకొక ఎత్తు. మన రాజుపాలెం చుట్టుపక్కల నల్లరేగడిలో బుడ్డశనగ మాఘ ఫాల్గుణాల్లో కళ్లానికి వస్తుంది. తిరిగి విత్తేది ఆశ్వయుజ కార్తీకాల్లో. నడుమ ఎనిమిది నెలలు గింజ మన చేతిలో ఉంటుంది. ఆ ఎనిమిది నెలల్లోనే మండువేసవి ఉంది, వానకాలపు ఉక్క ఉంది, ముసురు ఉంది.

ఆ లోపల గింజ చెడిందా, నష్టం మూడు విధాలు. ధర పలికేదాకా ఆగే బలం పోతుంది. ఇంటి విత్తనం పోయి, అంగడి విత్తనానికి అప్పు చేయవలసి వస్తుంది. బూజు పట్టినదాన్ని తెలియక వండుకుంటే ఒంటికి చేటు. కనుక ఈ కాపుదల సంగతి మన పెద్దలు ఎట్లా చూసుకున్నారో, అందులో ఏది మనం పోగొట్టుకున్నామో, ఏది వేరే రూపంలో మళ్లీ మన వాకిటికి వచ్చిందో ఒకసారి తిరగేసి చూద్దాం. వెనకటి సంగతి తెలిస్తే నేడు ఏమి చేయాలో మీకే బోధపడుతుంది.

నాలుగువేల ఏండ్ల నాటి ఉలవలు

పప్పుగింజలు మనకు నిన్న మొన్న వచ్చినవి కావు. కుందూ, పెన్నా నదుల పరిసరాల్లో పెద్దముడియం, హనుమంతరావుపేట వంటి చోట్ల కొత్తరాతియుగపు ఊళ్ల ఆనవాళ్లు దొరికాయి. పరిశోధకులు అక్కడి బూడిదమన్ను తీసి నీళ్లలో కలిపితే, అందులోని బొగ్గయిన గింజలు పైకి తేలాయి. చూడగా అవి ఉలవలు, పెసలు! దాదాపు నాలుగువేల ఏండ్ల కిందట ఈ గడ్డమీద కాపురమున్నవారు కూడా వాటినే పండించి తిన్నారన్నమాట.

ఇందులో మనకొక పాఠం ఉంది. ఆనాటి గింజల్లో మనదాకా వచ్చినవి పొయ్యిలోనో, ఇల్లు కాలినప్పుడో మాడి బొగ్గయినవే. మాడని గింజ చెమ్మకు కుళ్లింది, లేదా పురుగుకు ఆహారమయింది. బొగ్గులో పురుగు తినేందుకు ఏమీ లేదు, బూజు పట్టేందుకు చెమ్మ లేదు. గింజకు శత్రువులు ఎవరో ఆ నాలుగువేల ఏండ్ల బొగ్గే చెబుతున్నది.

ఉలవ, పెసర, కంది మన దేశపు పంటలు. శనగ మాత్రం పడమటి ఆసియా నుంచి వచ్చిన చుట్టం. వీటన్నిటికీ ఉమ్మడి పగవాడు ఒకడున్నాడు. వాడే పప్పు పురుగు.

పగవాడి బతుకు తీరు

ఈ పురుగుకు 1758లోనే స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ శాస్త్రనామం పెట్టాడు. ఆవగింజ కంటె కాస్త పెద్దది, గోధుమరంగు, రెక్కల పెంకు పొట్టను పూర్తిగా కప్పదు. దీని నడవడి తెలిస్తే సగం యుద్ధం గెలిచినట్లే.

మొదటి సంగతి: ఇది ఎప్పుడూ ఇంట్లోనే పుట్టదు. చేలో కాయ ఎండుతున్నప్పుడే వచ్చి గుడ్డు పెట్టగలదు. అంటే కళ్లం నుంచే మన వెంట బండెక్కి వస్తుంది. రెండవది: రెక్కల పురుగు గింజను తినదు. తినేది గుడ్డులోంచి వచ్చిన పిల్లపురుగు. అది గుడ్డు అతికిన చోటనే గింజలోకి తొలుచుకొని పోయి, లోపల పప్పు తిని, అక్కడే పెరిగి, గుండ్రని బొక్క చేసుకొని బయటపడుతుంది. కాబట్టి బొక్క కనిపించిందంటే దొంగ పడినట్లు కాదు, దొంగ దోచుకొని వెళ్లిపోయినట్లు.

వెచ్చని దినాల్లో ఒక తరం పూర్తి కావడానికి ఇంచుమించు నెలరోజులు చాలు. ఒక ఆడపురుగు 80 దాకా గుడ్లు పెడుతుంది. అందులో ఇరవయ్యే బతికాయనుకోండి, వాటిలో పది ఆడవి అనుకోండి. నెలకు పది, రెండు నెలలకు నూరు, మూడు నెలలకు వెయ్యి ఆడపురుగులు! ఉగాదికి ‘ఏమీ లేదులే’ అనుకున్న మూటలో ఆషాఢానికి పిండి రాలేది ఇందువల్లనే.

పాతర మహిమ

మన రాయలసీమలో వెనకటి దినాల్లో పెద్దరైతు ఇంటిముందరో, వీధిలోనో పాతర ఉండేది. గట్టినేలలో లోతుగా గుంత తవ్వి, అడుగునా పక్కలా జొన్నసొప్ప, గడ్డి దట్టంగా పేర్చి, జొన్నలు పోసి, పైన మళ్లీ గడ్డి పరచి, మన్ను వేసి మెత్తి మూసేవారు. కరువు వచ్చినప్పుడు తీసేవారు. ఏండ్ల తరబడి జొన్న అందులో నిలిచేది. పురుగు ఎందుకు పట్టలేదు?

మూసిన పాతరలో గింజ కూడా ఊపిరి పీలుస్తుంది, పురుగూ పీలుస్తుంది. కొన్నాళ్లకు లోపలి ప్రాణవాయువు హరించిపోయి బొగ్గుపులుసు గాలి నిండుతుంది. ఇక పురుగుకు బతుకు లేదు. పాతర తెరిచినవారు వెంటనే దిగక, ఒక పూట వదిలి, దీపం కట్టి లోపలికి దింపి చూసేవారు. దీపం ఆరిపోతే మనిషి దిగరాదని గుర్తు. ఆ జాగ్రత్త తప్పి దిగినవారు పాతరగాలికి ప్రాణాలు పోగొట్టుకున్నారు. నేటికీ పాతఇండ్ల పునాదులు తవ్వేటప్పుడు అటువంటి గుంత బయటపడితే పిల్లలను దగ్గరికి పోనీయకండి, మీరూ దిగకండి.

పాతరకు లోపమూ ఉంది. పక్కల చెమ్మ తగిలిన గింజ నల్లబడి బూజు పట్టేది, మొలక చచ్చేది. అందుకే పాతర గింజ ముఖ్యంగా తిండికి. విత్తనమూ పప్పుగింజలూ కొద్దికొద్దిగా ఉండేవి గనుక వాటి చోటు ఇంట్లోని కుండలూ, కాగులూ, బానలూ.

కుండ, బూడిద, ఎర్రమన్ను

ఇక్కడ మన అవ్వల తెలివి చెప్పుకోవాలి. ఎండిన కందులో పెసలో కుండకు పోసి, జల్లించిన బూడిద కలిపి, మూకుడు పెట్టి, పేడా మన్నూ కలిపి అంచులు మెత్తేవారు. బూడిద గింజల నడుమ సందులు నింపుతుంది. పురుగు తిరగలేదు, జత కూడలేదు, గుడ్డు పెట్టలేదు. పైగా పురుగు ఒంటిమీది మైనపు పొరను బూడిద గీకివేస్తుంది. ఒంట్లో నీరు ఇగిరి చస్తుంది. పైన మూడు అంగుళాల పొడి ఇసుక పోయడం కూడా ఇటువంటిదే. పైనుంచి వచ్చే పురుగుకు గింజ అందదు.

కందులకు ఎర్రమన్ను పట్టించి ఎండబెట్టడం మరొక పద్ధతి. పప్పుకు ఆముదం పులమడం ఇంకొకటి. గింజ నునుపుమీద నూనె పొర ఉంటే గుడ్డు నిలవదు, నిలిచినా ఊపిరాడక చస్తుంది. ఇసుర్రాయి మీద కందులు పగలగొట్టి పప్పుగా దాచడంలోనూ లాభమున్నది. పప్పు పురుగు గుండ్రని నిండుగింజను కోరుతుంది, బద్దమీద దాని ఆట అంతగా సాగదు. అయితే బద్దలకు పిండిపురుగుల బెడద వేరే ఉంది, ఆ మూత కూడా గట్టిగానే ఉండాలి.

చూశారా! పాతర, కుండ, బూడిద, నూనె అన్నీ వేరువేరుగా కనిపించినా వాటి వెనక సూత్రాలు రెండే. గింజ బాగా ఎండాలి. ఎండిన గింజకు గాలీ పురుగూ అందకుండా మూయాలి.

గోతాం ఎట్లా వచ్చింది?

మరి ఇంత తెలిసినవాళ్లం గోతాంలో పోసి గోడకు ఆనించే అలవాటులో ఎట్లా పడ్డాం? దానికీ చరిత్ర ఉంది.

1800లో నిజాం మన దత్తమండలాలను కుంఫిణీకి ఇచ్చాడు. ఆ ఏడు నుంచి 1807 దాకా మన్రో ఇక్కడ ప్రధాన కలెక్టరుగా ఉన్నాడు. రైతువారీ పద్ధతి వచ్చింది, శిస్తు రొక్కంలో కట్టాలి. రొక్కం కావాలంటే గింజ అమ్మాలి. కళ్లం మీదే అమ్మే అవసరం పెరిగింది. 1855లో బెంగాలు దేశంలో రిష్రా వద్ద మొదటి జనపనార మిల్లు లేచింది, గోనెసంచి చవకయింది. 1871 నాటికి మద్రాసు నుంచి రాయచూరుకు రైలుదారి పూర్తయింది. మన ప్రాంతానికి ఎర్రగుంట్ల స్టేషను దగ్గరయింది. 1876-78 నాటి ధాత కరువులో ధాన్యం మద్రాసు నుంచి రైలు మీద మూటలుగా ఈ సీమకు వచ్చింది. క్రమంగా గింజకు కొలత గోతామే అయింది, ఇల్లూ గోతామే అయింది.

ఆలోచించండి. గోతాం పుట్టింది గింజను బండెక్కించి దింపడానికి, నిల్వ పెట్టడానికి కాదు. దాని సందుల్లోంచి గాలి ఆడుతుంది, చెమ్మ వస్తుంది, పురుగు దూరుతుంది. పోయినేటి పాత గోతాం అయితే దాని కుట్లలోనే పురుగు కాచుకొని ఉంటుంది. గింజ నిలవకపోతే రైతు ఆగలేడు. ఆగలేనివాడు కళ్లం నాటి ధరకే ఒప్పుకోవాలి. నిల్వ నేర్చినవాడు వర్తకుడు, నష్టపోయినవాడు రైతు. ఇది మనం మరవరాని సంగతి.

గిడ్డంగులు, మందులు

స్వరాజ్యం వచ్చిన తరువాత ఈ కొరత తీర్చాలని 1957లో కేంద్ర గిడ్డంగుల సంస్థ, 1958లో మన రాష్ట్ర గిడ్డంగుల సంస్థ, 1965లో భారత ఆహార సంస్థ ఏర్పడ్డాయి. 2007లో గిడ్డంగుల చట్టం వచ్చింది. దానికింద గుర్తింపు పొందిన గిడ్డంగిలో సరుకు ఉంచి, రసీదు చూపి, బ్యాంకులో అప్పు తెచ్చుకొనే వీలు కలిగింది. ధర కోసం ఆగాలనుకొనే రైతుకు ఇది అక్కరకు వచ్చే మార్గం.

అదే కాలంలో మందుల మీద మోజు కూడా పెరిగింది. పొడిమందులు, ఈ.డీ.బీ. గాజుగొట్టాలు ఇంటి నిల్వకు సిఫారసు చేసిన రోజులున్నాయి. వాటి చేటు తెలిసిన మీదట బీ.హెచ్.సీ.ని 1997లో, ఈ.డీ.బీ.ని 2001లో మన దేశంలో నిషేధించారు. పాత పుస్తకమో పాత కాగితమో చూసి ఆ మాట ఇప్పుడు పాటించకండి. తినే గింజలో ఏ పురుగుమందు పొడీ కలపరాదు. ఇక సెల్ఫాస్ అనే బిళ్లల సంగతి. అవి గిడ్డంగుల్లో తర్ఫీదు పొందినవారు వాడవలసినవి. పడుకొనే ఇంట్లో ఆ బిళ్ల పెడితే గింజలోని పురుగుతో పాటు మంచంమీది మనిషీ పోతాడు. ఇది బెదిరింపు కాదు, అట్లా పోయిన కుటుంబాలున్నాయి.

పాతర మళ్లీ వచ్చింది

ఇప్పుడొక వింత వినండి. 1980ల చివర ఆఫ్రికాలోని కామెరూన్‌లో అలసందల రైతులకు ఇదే పురుగు జాతి బాధ. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు అక్కడి రైతులతో కలిసి మూడుపొరల సంచి తయారుచేశారు. లోపల రెండు దళసరి ప్లాస్టిక్ సంచులు, పైన మామూలు నేతసంచి. ఒక్కొక్క పొరను విడివిడిగా మెలిపెట్టి బిగించి కడతారు. లోపలి పురుగులు ఉన్న ప్రాణవాయువును వాడేసుకొని, తినడం మాని, పెరగడం మాని, చివరకు ఒంట్లో నీరు చాలక ఎండి చస్తాయి. మందు లేదు, పొగ లేదు.

ఇది ఏమిటి? మన పాతరే! కాకపోతే నేలచెమ్మ తగలని పాతర, చంకన పెట్టుకొని అటక మీదికి ఎక్కించగల పాతర. ఢిల్లీ పూసా సంస్థవారి ఇటుకల గాదెలో గోడల నడుమ పాలిథీన్ గుడ్డ పెట్టడం కూడా ఇదే సూత్రం మీద. గాలిచొరబడని సంచి దొరకకపోతే మూత బిగువైన డ్రమ్ము, రేకుడబ్బా నిండా పోసి మూసినా అదే ఫలం. సగం పోస్తే మిగతా సగంలో పురుగుకు గాలి మిగులుతుంది, అది గమనించాలి. ఎలుక కొరికి సంచికి బొక్క పడినా పని చెడుతుంది.

1999లో విడుదలైన జె.జి. 11 వంటి రకాలు వచ్చాక మన కడప, కర్నూలు, ప్రకాశం రేగళ్లలో శనగ విస్తీర్ణం అనేక రెట్లు పెరిగింది. సరుకు ఎక్కువై, ధర పడిన ఏండ్లలో చాలామంది శీతల గిడ్డంగుల్లో దాచారు. చలిలో పురుగు పెరగదు, నిజమే. అయితే చల్లని మూటను బయటికి తెచ్చి వెంటనే విప్పితే వేడిగాలిలోని తేమ గింజమీద చెమర్చుతుంది. మూట బయటి వేడికి వచ్చేదాకా విప్పకండి. మరొక మాట, గిడ్డంగి గింజను కాస్తుంది గాని ధరను కాయలేదు. బాడుగా వడ్డీ ఎంతవుతాయో ముందే లెక్క వేసుకొని దాచండి.

చెడిన గింజను గుర్తుపట్టడం

మూట పైపైన చూస్తే తెలియదు. నడుమకు చెయ్యి దూర్చండి. లోపల వెచ్చగా తగిలితే పురుగో బూజో పని మొదలుపెట్టిందని అర్థం. గుప్పెడు తీసి ఎండలో చూడండి. గింజమీద గసగసాల కంటె చిన్న తెల్లచుక్కలు అతుక్కొని ఉంటే అవి పప్పు పురుగు గుడ్లు. గుండ్రని బొక్కలు, అడుగున పిండి ఉంటే ముదిరిందని గుర్తు. గుప్పెడు గింజలు నీళ్లలో వేస్తే తేలినవి లోపల గుల్లవి.

బూజు గుర్తులు వేరు. గింజలు ఉండకట్టడం, రంగు మాసి నల్లబడడం, పచ్చనో తెల్లనో నూగు, ముక్కిపోయిన వాసన, నమిలితే చేదు. పురుగుకంటె దీనికి ఎక్కువ భయపడాలి. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా సీమకోళ్లు చచ్చిపోతే, వెదకగా వెదకగా వాటి మేతలోని బూజు పట్టిన వేరుశనగ చెక్కలో అఫ్లాటాక్సిన్ అనే విషం బయటపడింది. 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని కాలేయం చెడి నూరుమందికి పైగా పోయారు. ఈ విషం ఉడికిస్తే పోదు, కడిగితే పోదు. పశువుకు పెడితే పాలలోకి దిగుతుంది. కనుక బూజు గింజ మనిషికీ వద్దు, గొడ్డుకూ వద్దు. పూడ్చివేయండి.

అక్కడక్కడా బొక్కపడి, వాసన లేని గింజను జల్లించి, ఎండబెట్టి త్వరగా వాడుకోవచ్చు. సగానికి సగం బొక్కలయితే తిండికి పనికిరాదు, విత్తనానికి అసలే రాదు. విత్తనమైతే పదును పట్టించిన గుడ్డలో నూరు గింజలు చుట్టి మొలకలు లెక్కపెట్టండి. శనగ 85, కంది 75కు తగ్గితే ఆ విత్తనం నమ్మరాదు.

ఇక చేయవలసినది

కళ్లంలో గింజను రెండు మూడు ఎండలకు ఆరనీయండి. తేమ నూటికి తొమ్మిది పది పాళ్లకు మించరాదు. పంట కింద పెట్టి కొరికితే టక్కున పగలాలి. పల్లు దిగితే ఇంకా ఎండాలి. సీసాలో గింజలూ కాస్త ఎండిన ఉప్పూ వేసి ఆడించినప్పుడు ఉప్పు సీసాకు అంటుకుంటే తేమ చాలా ఎక్కువ ఉన్నట్లు.

గుడ్లు కనిపిస్తే మన వేసవి ఎండే మందు. నల్ల పాలిథీన్ పట్టమీద ఎండిన గింజను పలచగా పరచి, పైన పారదర్శకమైన పాలిథీన్ కప్పి, అంచులమీద రాళ్లు పెట్టి మధ్యాహ్నం నాలుగైదు గంటలు ఉంచితే, లోపలి వేడికి గుడ్డూ పిల్లపురుగూ చస్తాయి. పూర్తిగా చల్లారిన తరువాతనే సంచికి ఎత్తండి. వేడిమీద ఎత్తితే లోపల చెమరుస్తుంది.

తినే పప్పుకు కిలోకు 5 మిల్లీలీటర్ల వంటనూనెగాని ఆముదంగాని పట్టించవచ్చు. విత్తనానికి అంతే కొలత వేపనూనె. గాలిచొరబడని సంచిలోనో డ్రమ్ములోనో నింపి మూయండి. గోతామే గతి అయితే కొత్తది వాడండి, లేదా పాతదాన్ని మరిగే నీళ్లలో ముంచి ఎండబెట్టి వాడండి. నేలమీద కాక చెక్కబల్లలమీద, గోడకు మూరెడు ఎడంగా పేర్చండి. పోయినేటి గింజను కొత్తగింజ పక్కన ఉంచకండి. పదిహేను రోజులకొకసారి గోతాం నడుమ చెయ్యి పెట్టి చూడండి. సంచి బిగించి కట్టినవారు మాత్రం ఊరికే విప్పి చూడవద్దు, విప్పినప్పుడల్లా పురుగుకు ఊపిరి పోసినట్లే.

ఈ ఏడు మొత్తం పంటకు ఇవన్నీ చేయడం కుదరకపోతే, కనీసం విత్తనపు రెండు మూటలకైనా చేసి చూడండి. కార్తీకంలో మూట విప్పి నూరు గింజలు మొలకకు పెట్టి, పక్కింటి గోతాం గింజలతో పోల్చి చూడండి. వచ్చిన లెక్క మీ ఊరి రైతు సేవా కేంద్రంలో నలుగురికీ చెప్పండి.